నలభయ్యో పేజీ దాటాక

కలెక్టరాఫీసు గోడ పక్కన నా జిరాక్సు కొట్టు.
ఆరడుగుల వెడల్పు, ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు.
దానికి నాకంటే నీరసం.

ఫైలు మీద రెండుసార్లు నొక్కితే
ముందు ఎర్రబొమ్మొకటి లేచి కూర్చునేది.
కొత్త వెర్షను కావాలా అనేది.
మీరెవరు, పేరు చెప్పి లోపలికి రండి అనేది,
నా కొట్లో నన్నే!
ఆపైన గుండ్రంగా తిరిగే చక్రం.
అది తిరుగుతుండగానే
జగదాంబ వైపు మూడు బస్సులు వెళ్ళిపోయేవి.

అప్పుడు పేజీ వచ్చేది, పైనుంచి కిందికి,
వాన తడి గోడ మీద సున్నం ఆరినట్టు.
వరుస నెంబరు కనబడేది,
పేరు రావడానికి ఇంకా టైముండేది.

వేట నిషేధం డబ్బుల జాబితా
మూడొందల పన్నెండు పేజీలు.
అన్నీ స్కాను చేసినవే, పేరు కొట్టి వెతకడానికి లేదు.
కళ్ళతోనే ఏరుకోవాలి,
వల విదిలించి నెత్తళ్ళు ఏరుకున్నట్టు.

రికార్డు ప్రింటు కోసం వచ్చాడు
కంచరపాలెం పాలిటెక్నిక్‌లో చదివే గుంటడు, దానేలు.
కాసేపు చక్రాన్నీ కాసేపు నన్నూ చూసి
"ఏటత్తా, ఇంకా దీన్నే మోస్తన్నావేటి?" అన్నాడు.
పెన్‌డ్రైవు మూత పళ్ళతో పీకి,
పసుపురంగు బొమ్మొకటి తెచ్చి తెర మీద పడేశాడు.
"నీ మనవరాలి ఫొటో ఇంతకంటే బరువుంటాది."

నొక్కాను.
వేలు ఎత్తేలోగా తెరుచుకుంది.
నమ్మలేక మూసేసి మళ్ళీ నొక్కాను.
బాణం మీట నొక్కి పట్టుకుంటే
హార్బర్లో బోటు కడుపులోకి ఐసు జారినట్టు
గలగలా పేజీలు.

దానేలుకి పది కాపీలు ఊరికే ఇచ్చాను.

వెనకాలే పెదజాలారిపేట ఎర్నమ్మ.
ఆమె పేరు నూట తొంభయ్యారో పేజీలో దొరికింది.
చెప్పిన టీ ఇంకా రానే లేదు.
ఆమె నవ్వి, కాగితం కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.
నేను మాత్రం
మీట మీద వేలు తియ్యలేదు.

నూట తొంభయ్యారు.
నేనెప్పుడైనా అంత దూరం వెళ్ళానా?

నిజం చెబుతున్నాను.
నలభై దాటేసరికి మెషీను బిగుసుకుపోయేది.
వెనక లైను గొణిగేది.
తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అనేదాన్ని,
"లేదమ్మా, నీ పేరు లేదు."
ఎవరూ వాదించలేదు.
చదవొచ్చిన దాన్ని నేను, చూసినదాన్ని నేను.
అలా అన్నందుకు
పది రూపాయలు కూడా తీసుకున్నాను.

ఆ రాత్రి షట్టరు సగం దించి
నిరుటి జాబితా తెరిచాను.
దోమలు కుడుతున్నాయి. ఇంటి నుంచి రెండుసార్లు ఫోను.
రెండొందల ముప్పయ్యొకటో పేజీ,
కింద నుంచి నాలుగో గీత:
తెడ్డు పరసన్న, మంగమారిపేట.

గుర్తున్నాడు.
భుజం మీద తడి తువ్వాలు, చేతిలో చెప్పులు,
కొట్లోకి ఇసక రాకూడదని.
"ఇంకోపాలి సూడమ్మా" అన్నాడు.
చక్రం తిరుగుతోంది కదా, రేపు రా అన్నాను.
రేపు రాలేదు.

అప్పు పుస్తకంలో అతని నెంబరుంది,
పన్నెండు రూపాయల బాకీ పక్కన.
నిరుటి డబ్బు ఇప్పుడిస్తారో లేదో నాకు తెలీదు.
ఏమని మొదలెట్టాలో అంతకన్నా తెలీదు.

రింగవుతోంది.
తెర మీద ఆ పేజీ
వెలుగుతూ, కదలకుండా,
ఏడాదిగా అక్కడే నించున్నట్టు.