పసుపు దీపం

ఆటోనగర్ మూడో రోడ్డులో
రేడియేటర్ల వాళ్ళు కూడా షట్టర్లు దించేశాక
వచ్చింది ఆ బండి,
పండుమిరప రంగు, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు.
మా గుమ్మం ముందు గతుకు దాటించడానికి
రెండు చెక్కలు పరవాల్సి వచ్చింది.

గుంటూరు కోల్డ్ స్టోరేజీ వాళ్ళబ్బాయి, పూర్ణచంద్.
"సౌండు రావట్లేదు మీరా భాయ్" అన్నాడు
చంటిబిడ్డ పాలు తాగట్లేదన్నంత దిగులుగా.

సైలెన్సర్లో రెండు రెక్కలుంటాయి.
ఊళ్ళో నెమ్మదిగా పోతుంటే మూసుకుంటాయి,
ముల్లు నాలుగు వేలు దాటితే తెరుచుకుంటాయి.
ఎక్కడ గొంతెత్తాలో ఎక్కడ దించాలో
ఫ్యాక్టరీలోనే నేర్పి పంపారు దానికి.
ఇతనికేమో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడి కూడా
అరవాలి.

పాత బండ్లయితే చిటికెలో పని.
గాలి గొట్టం ఊడదీసి, మూతికో మరమేకు దూర్చి
జిప్ టై బిగిస్తే
రెక్క నోరు తెరుచుకునే ఉండిపోయేది.
దీనికి గొట్టం లేదు, మోటారు.
వైరు పీకిన మరుక్షణం
మీటర్లో పసుపు దీపం.
చాడీలు చెప్పే పిల్లాడిలా ఇక ఆరదు.

అందుకే నన్ను లేపుకొచ్చాడు నాగుల్ మీరా.
పాలిటెక్నిక్ సగంలో ఆపేసిన దాన్ని,
వైరింగ్ సువార్త అంటే నాలుగు రోడ్ల దాకా తెలుసు.

అగ్గిపెట్టె పాటి డబ్బా చేశాను.
కంప్యూటరు "మూసుకో" అంటుంది.
నా డబ్బా "మూసుకున్నానండీ" అంటుంది.
అవతల రెక్కలు బార్లా.
అంతే.
అంతేగానీ మూడు సార్లు టంకం ఊడింది,
అర్ధరాత్రయినా మే నెల మే నెలే,
ముక్కు మీది చెమట టంకం కడ్డీ మీద పడి
చుయ్‌మంది.

స్టార్ట్ చేశాడు.
రేకుల కప్పు వణికింది.
గోడకున్న స్పానర్లు ఒకదాన్నొకటి తోసుకున్నాయి.
బల్ల మీది టీ గ్లాసు తనంతట తానే
అంచు దాకా నడిచింది.
కుక్కలు ఏలూరు కాలవ వైపు పరుగు.
పూర్ణచంద్ కళ్ళు మూసుకున్నాడు, హారతి తీసుకుంటున్నట్టు.

మీరా భాయ్ మోకాళ్ళ మీద కూర్చుని
గొట్టం మూతికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టాడు,
కాసేపుంచి, తల ఊపాడు.
"లైటు?" అన్నాడు నా మొహం చూస్తూ.
"వెలగలేదు భాయ్."

ఒకసారి ఆయన వెనకాలే
పంతొమ్మిదో నంబరు స్పానరు జారవిడిచాను.
కావాలని కాదు.
సిమెంటు నేల మీద అది పెట్టిన కేకకి
పక్క కొట్టు కుర్రాడు తొంగిచూశాడు.
ఆయన తిరగలేదు.
బోల్టు మీద నూనె తుడుచుకుంటూ ఉన్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు లారీల పొట్టకింద.
బేరానికొచ్చిన వాళ్ళ పెదాలు చూసి
సరిగ్గా ఆగాల్సిన చోట ఆగి
"ఆఁ, చేద్దాం" అంటాడు.
పెద్దోడు మాటంటే మాటే, అనుకుంటారు వాళ్ళు.
ఇంట్లో ఫాతిమా బీకి కూడా తెలీదనుకుంటా,
టీవీ గట్టిగా పెడతాడని మాత్రం తిడుతుంది.
నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

"పోలీసోళ్ళు ఆపితే మా కొట్టు పేరెత్తకు" అని
డబ్బులు లెక్కపెట్టుకున్నాడు.
చెక్కలు పరిచాం. బండి దిగింది. మలుపు తిరిగింది.

సగం షట్టరు దించి ఆగాడు.
"పోయాడా?"

బెంజి సర్కిల్ దాకా వినిపిస్తూనే ఉంది,
రాత్రిని నిలువునా చింపుకుంటూ
గేరు మారి, మళ్ళీ మారి.

రోడ్డు కేసి చూశాను.
ఆయన నా పెదాల కేసి చూస్తున్నాడు.

"ఆఁ, పోయాడు భాయ్"
అన్నాను.