లోపలి గడియ

యారాడ దగ్గర, రాత్రి రెండింటికి
ఎవరో వ్యాన్ తలుపు పిడి లాగి చూశారు.
ఒక్కసారే. మెల్లగా.
తర్వాత అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.
నేను మాత్రం తెల్లారేదాకా
స్క్రూడ్రైవర్ పట్టుకుని కూచున్నాను.

పొద్దున్నే ఆటోనగర్.
పోలారావు తలుపు రెండుసార్లు జరిపి
"కంపెనీ తాళమా? దీనికి రేకుముక్క చాలు" అని నవ్వాడు.
ఉప్పుగాలి తినేసిన చోటు కోసి కొత్త రేకు అతికించాడు,
అడుగున అరంగుళం మందం పట్టీ,
లోపల ఇత్తడి గడియ.

"కళ్ళు మూసుకో. ఎడం చేత్తో తియ్యి."
తియ్యలేకపోయాను.
"మళ్ళీ."
ఏడోసారికి వచ్చింది.
"ఆలీసం దొంగోడికి అవ్వాల గానీ
నీకు కాదమ్మా."

మర్నాడు తెల్లారగట్ల, భీమిలి దారిలో, ఇసుక అంచున
దబదబా తలుపు మీద అరచెయ్యి.
తెర సందులోంచి చూస్తే
నెత్తిన ఖాళీ గంపతో ఎవరో ముసలమ్మ:
"పోటొస్తంది పిల్లా, బండి ఎనక్కి తియ్యి!"

ఎడం చెయ్యి దానంతటదే గడియ మీదికి వెళ్ళింది.
చక్రాల కింద అప్పటికే తడి.

పేరైనా అడగలేదు.
ఆమె, వినపడనంత దూరం పోయాక
గడియ వేసుకున్నాను.