ఇరవై ఆకులు

ప్రాణహిత ఆ ఒడ్డున తునికాకు కట్టకు యాభై ఆకులు.
ఈ ఒడ్డున డెబ్బై.
కోటపల్లి దిక్కు పుట్టి
సిరొంచ దిక్కు కోడలిగా వచ్చినదాన్ని,
నది ఎంత వెడల్పని ఎవరన్నా అడిగితే
ఇరవై ఆకులని చెప్తుంటి.

పద్దెనిమిదేండ్లు కోసిన, కట్టిన, కల్లంల పోసిన.
లెక్క మాత్రం మున్షీ నోట్లనే ఉండేది.
"దోన్ కమీ" అని
కట్టను విదిలించి పక్కకు పారేసేటోడు.
రెండు తక్కువ.
నిజంగ తక్కువనా అని ఎన్నడు అడగలె.
అడగాలంటే వాని భాషల అడగాలె.
నా మరాఠీ ఉప్పు, కిరోసిన్, బస్సు టికెటు కాడ ఆగిపోయేది.

ముసలి మున్షీ మానుకున్నడని పుష్యంల తెలిసింది.
కొత్త మనిషిని గ్రామసభ ఎంచుతదట.
నా పేరు రాయిమన్న.
గోదారి లస్మయ్య నవ్విండు,
నవ్వి, రాసుకున్నడు.

తునికాకు లేని కాలం. మోదుగాకు తెచ్చిన.
యాభై దాకా చేతులకు ఎరుకే,
వేళ్లు వాటంతట అవే ఆగి నారకోసం తడుముకుంటయి.
ఆ తర్వాత చీకటి.
నా బిడ్డ సుగుణ, ఆరో తరగతి, పలక మీద రాసిచ్చింది.
రొట్టె కాలుస్త ఎక్కావన్న.
బోరింగు కొడుత బావన్న.
మేకలు నా నోరు చూసుకుంట నమిలేటివి.
ఏకోణ్‌సాఠ్ కాడ నాలుక మడతవడి
వారం రోజులు అరవై ఎక్కలేకపోయిన.

ఈ భాషల అరవై తొమ్మిదికి సొంత పేరు లేదు.
డెబ్బైకి ఒకటి తక్కువ అంటరు. ఏకోణ్‌సత్తర్.
మా అత్త నన్ను అట్లనే లెక్కగట్టేది,
అందుకేనేమో తొందరగ నోటికొచ్చింది.

మాఘంల దీపం ఆర్పేసిన.
కట్ట అంచు వెంట బొటనవేలు జరిపి నేను చెప్పుడు,
దీపం ముట్టించి సుగుణ లెక్కపెట్టుడు.
మొదట్ల అరవై నాలుగును డెబ్బై అన్న.
డెబ్బై రెండును అరవై అన్న.
హోలీ నాటికి పదింట్ల ఎనిమిది కుదిరినయి.
మిగిలిన రెండింటి కోసం వేరే మాట నేర్చుకున్న.
"పున్హా మోజా."
మళ్లా లెక్కపెట్టుండ్రి.

కుండతోని చెప్పిన. గోడతోని చెప్పిన.
నిద్రల గూడ అన్ననట, మా ఆయన లేచి కూసున్నడు.
బతిమాలినట్టు ఉండొద్దు,
కొట్లాటకు పోయినట్టూ ఉండొద్దు.
ఇంత ఉప్పియ్యి అన్నట్టు ఉండాలె.

సభ నాడు బడి వరండాల బల్ల.
అవతల సర్పంచు, ఠేకేదారు మనిషి.
నేను అనుకున్న ప్రశ్న ఒక్కటీ అడగలె.
పోయినేటి కట్ట, ఎండి గలగలమనేది,
నా ముందట పడేసి "కితీ?" అన్నడు.
కండ్లు మూసి వేలు జరిపిన.
నవ్విండ్రు. నవ్వు అయిపోయేదాక ఆగిన.
"ఏకోణ్‌సత్తర్."

నార విప్పి పైకి లెక్కపెట్టిండు, అందరు ఇనేటట్టు.
అడుసష్ట్ కాడ ఆకులు ఒడిసినయి.
అరవై ఎనిమిది.

లస్మయ్య పెన్ను మూసిండు.
నా లోపలి పాత మనిషి లేచి, కొంగు సర్దుకొని,
ఇంటికి పోదాం పా అన్నది.
నోరు ఆమె మాట ఇనలె.
"పున్హా మోజా."
ఉప్పు అడిగినట్టే వచ్చింది.

అతను సర్పంచు దిక్కు చూసి, మళ్లా మొదలువెట్టిండు.
ముప్పై రెండో ఆకు కాడ వేలు ఆగింది.
ఒకదానికొకటి అతుక్కొని రెండు.
గోటితోని విడదీసిండు.
ఆ చిన్న చప్పుడు బడి అంతా ఇనవడ్డట్టే అనిపించింది నాకు.
అరవై తొమ్మిదని వేలు చెప్పిందో
అదృష్టం చెప్పిందో ఇప్పటికీ తెల్వదు.
మళ్లా లెక్కపెట్టుమన్నది మాత్రం నేనే.

సోమారం చెప్తమన్నరు.
వణికిన మోకాళ్లను బల్ల దాచింది, దానికి దండం.

ఇంటికొచ్చి సుగుణను పిలిచి
ఇగ రిజిస్టరు నింపుడు నేర్పుమన్న.
"ఇంకా ఎంచనే లేదు గదమ్మా, వస్తదో రాదో."
"వచ్చినంక నేర్సుకుంటే
చెయ్యి వణుకుతది బిడ్డా.
పలక పట్టుకరా."