నీలం కాగితం

కొత్తపేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
పగలంతా కట్టుడు పళ్ళ సెట్లు చేస్తాను.
రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించి
అదే బల్ల మీద, అదే దీపం కింద
తుపాకీ విప్పుతాను.

బొమ్మదే. ప్లాస్టిక్ గుళ్ళది.
ఎప్పటి యుద్ధానికో నమూనా,
గొట్టానికి గొట్టం అతికించినట్టుంటుంది.
కొరియర్ కుర్రాడు చూసి
"బోరింగు పంపు సామానా మేడం" అన్నాడు.
మాగజైను కిందికి దిగదు, ఎడమ పక్కకి పొడుచుకొస్తుంది
బస్సు కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టినట్టు.

ఆ ఒక్క మోచేతి కోసం
నాలుగు నెలలు వెతికాను.

సాల్మన్‌రాజు డ్రమ్ము కొనమన్నాడు.
"నాలుగొందల గుళ్ళక్కా, ఆట అయ్యేదాకా చూసుకోనక్కర్లేదు."
దానికి సరిపోయే తుపాకీ అతనిది, అరువు తీసుకుని ఆడాను.
నడిస్తే రేకుడబ్బాలో చింతపిక్కలు.
నేనెక్కడ దాక్కున్నానో
ఊరందరికీ చెప్పాలని దానికెంత తొందరో.

రెండోది విజయవాడ నుంచి పార్సిలు.
నూటపది గుళ్ళది, సన్నగా,
నోట్లో నాలుక లేనిది.
నచ్చింది. కానీ దూరదు.
అర మిల్లీమీటరు.

అర మిల్లీమీటరంటే మీకు నవ్వులాట.
పెదకాకాని సుబ్బాయమ్మ గారినడగండి,
గారె కొరికినప్పుడు
అది చిగురులో ఎక్కడ కూర్చుంటుందో.

నీలం కాగితం తీశాను.
పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టి
"కొరకండమ్మా, ఇంకోసారి" అంటామే, ఆ కాగితం.
మాగజైనుకి చుట్టి లోపలికి తోసి లాగితే
ఎక్కడ ఎత్తుంటే అక్కడ మచ్చ.
బర్రుతో ఒక్క గీకు. మళ్ళీ కాగితం.
మళ్ళీ మచ్చ.
పదకొండున్నరకి
టప్ మంది.
పన్నెండేళ్ళలో ఏ దవడా నాకు
అంత శుభ్రంగా జవాబు చెప్పలేదు.

ఇక అలంకారాలు.
భుజం పట్టీకి నైలాను వద్దనుకున్నా,
ఆ కాలం మీద అబద్ధం చెప్పినట్టు.
పట్నంబజారులో లారీ పట్టా ముక్క కొని
టైలరు జానీబాషా ముందు పరిచాను.
నాలుగు పొడుగు జేబులు, పైన మూత, ఇత్తడి బొత్తాం.
"పిల్లనగ్రోవులకా అమ్మా?"
అవునన్నాను, నాలుగు శ్రుతులవి.
ఆయన తల ఊపి, ఒక్కో జేబు
ఒక్కో పొడుగు కుట్టాడు.
విప్పించి మళ్ళీ కుట్టించడానికి
నిజం చెప్పాల్సి వచ్చింది.

సిలికాన్ నూనె నా దగ్గరే ఉంది.
టార్చి బిగించే పట్టీ మాత్రం కొనలేదు,
ముత్తవ్వకి కూలింగ్ గ్లాసులెందుకు?

ఆదివారం. ఏటుకూరు రోడ్డు దాటాక
మూతపడ్డ కోల్డు స్టోరేజీ.
చివరి మిర్చి టిక్కీ లేచి నాలుగేళ్ళు.
ఘాటు మాత్రం గది ఖాళీ చెయ్యలేదు,
ఇటుకల సందుల్లో కాపురం.

తలుపు చాటున నేను.
మాగజైను చప్పుడు లేదు.
పట్టీ చప్పుడు లేదు.
ఆరడుగుల్లో సాల్మన్‌రాజు వీపు.
నాలుగు నెలల జీతం మిగుళ్ళన్నీ
ఈ నిశ్శబ్దం కోసమే కదా అనుకుంటుండగా

తుమ్మాను.

అతను తిరిగాడు. ఇద్దరం కాల్చాం.
నాది గోడకి.
అతనిది నా భుజం మీద, పట్టీ కింద,
దోమ వాలినంత.
అతను చూళ్ళేదు. అద్దాల నిండా కన్నీళ్ళు.

ఇక్కడ నీలం కాగితం లేదు.
తగిలిన చోట మచ్చ పడదు.
ఎవరికి తగిలితే వాళ్ళే చెప్పుకోవాలి,
ఆట మొత్తానికి ఉన్న చట్టం అదొక్కటే.

ఒక్క క్షణం ఊరుకున్నాను.
ఊరుకున్నానని రాయకపోయినా
మీకు తెలిసేది కాదు.

చెయ్యెత్తి "తగిలింది" అన్నాను.
మధ్యలో రెండో తుమ్మొచ్చి
మాట సగమే వినపడింది.
"ఏంటక్కా?" అన్నాడు.
మళ్ళీ చెప్పాను.