పెట్టె తాళంచెవి

తాళంచెవి నా కుట్టుమిషను సొరుగుల ఉంటది,
బాబిన్ల నడుమ, చాక్‌పీసు పక్కన.
రాత్రి రెండింటికి తలుపు కొడితే
ఎవరని అడగను.
ఏ గల్లీ అని అడుగుత.

వారాసిగూడల మా బస్తీకి ఒకటే ఐస్ పెట్టె.
ఉండేది చర్చి వెనుక రేకుల షెడ్డుల,
కరెంటు బిల్లు పోచమ్మ గుడి కమిటీది,
మోసే ట్రాలీ ఆటో మసీదు గల్లీ జహంగీర్‌ది.
కాయితం మీద రాసుకున్నది ఏం లేదు.
ఒక ఎండాకాలం
కిరాయి పెట్టెకు రోజుకు నాలుగు వేలు అడిగితే
కమలాబాయి మొగుణ్ని మూడు పూటలు
మంచుగడ్డల మీద పండబెట్టినం.
కరిగిన నీళ్లు వాకిలి దాటి, మెట్లు దిగి
రోడ్డు మీదికి వచ్చినయి.
ఆ నీళ్లు తొక్కకుండ అంగలేసి పోయినోళ్లే
తెల్లారి చందా వేసిన్రు.

ఖైసర్ సాబ్ మొదటి దినమే చెప్పిండు:
"మాకు దీంతోని పనే పడదు.
పొద్దున పోతే అసర్ లోపల మట్టి ఇస్తం."
అనుకుంటనే జేబుల చెయ్యి పెట్టి
అందరికన్న ఎక్కువ లెక్కపెట్టిండు.
పాస్టరయ్య "మరెందుకు సాబ్" అనబోయి
మాటను దగ్గు చేసుకున్నడు.

పెట్టె వచ్చినంక మొదలైంది కొట్లాట.
మీద ఏం రాయాలె?
వాక్యమని ఒకరు, ఓంకారమని ఒకరు,
దాతల పేర్లన్నడు బాలనర్సయ్య, తనది ముందుండేటట్టు.
కప్పే గుడ్డ ఏ రంగు?
నెల దినాల మీటింగులు,
చాయ్ ఖర్చే మూడు వందల అరవై.
నేను ఎవర్నీ అడగలే.
జాకెట్ల లైనింగు ముక్కలు సంచి నిండ మిగిలినయి,
కలిపి కుట్టేసిన.
అది ఏ రంగో ఇప్పటికీ ఎవరికీ చెప్పరాదు.
రాత మాత్రం కంపెనీవాడే ముందుగాల రాసి పంపిండు,
ఎర్రటి అక్షరాలల్ల:
"ఎత్తునపుడు నలుగురు పట్టవలెను."
దాని పక్కన పెట్టే మాట ఎవ్వరికీ దొరకలే.

మొన్న బోనాల ముందటి దినం
కొత్త బిల్డింగు నాలుగో అంతస్తు నుంచి పడ్డడు
దుఖిశ్యామ్, ఒడిశా పిల్లగాడు.
తమ్ముడు రైల్ల ఉన్నడు, రెండు రాత్రుల దూరం.
మేస్త్రీ ఫోను బంద్ చేసుకున్నడు.
గాంధీల పోస్టుమార్టం అయినంక
ఎవరి వాకిట్ల పెట్టాలె, ఇల్లే లేనోణ్ని?
గుడి ముందు పందిరి, వేపమండలు, తెల్లారితే బోనం.
చర్చి హాల్ల ఎవరిదో నిశ్చితార్థం, కుర్చీలు దిగినయి.
ఖైసర్ సాబ్ మదరసా వరండా కడిగిపిచ్చిండు.
పనే పడదన్న పెట్టె
ఆయన గడప ముందట రాత్రంత గుర్రుమన్నది.

రాత్రంత అంటే, ఒంటిగంట దాంక.
అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఠప్పుమన్నది.
సీరియల్ లైట్లకు తెచ్చిన జనరేటరును
పందిరి చీకటి చేసి తోసుకొచ్చిండు బాలనర్సయ్య.
అమ్మకు కోపం రాదా అంటే
"నేను చెప్పుకుంట తియ్" అన్నడు,
డీజిల్ క్యాను మూత పండ్లతోని తీసుకుంట.

సోమవారం పొద్దుగాల తమ్ముడు వచ్చిండు,
చేతుల ఒక ప్లాస్టిక్ సంచి.
వాని మాటల ఏదో అడిగిండు, రెండుసార్లు.
జహంగీర్ నీళ్లు తెచ్చి ఇచ్చిండు.
పిల్లగాడు తాగిండు, మళ్లీ అదే అడిగిండు.
ఎంత ఇయ్యాలె అంటున్నడని
చానసేపటికి సమజైంది.
జవాబు చెప్పేటందుకు ఎవరికీ గొంతు పెగలలే.

పాస్టరయ్య అంబులెన్సు కోసం చౌరస్తల నిలబడ్డడు.
పెట్టె కాడ ముగ్గురే.
తమ్మునికి చేతులు వణుకుతున్నయి,
నాలుగో మూల ఖాళీగ ఉంది.
ఆడోళ్లు పట్టొద్దని ఎవరన్న అంటరేమో అని
ఒక్క క్షణం చూసిన.
మెడల కొలతల టేపు అట్లనే వేలాడుతుంది.
వంగి పట్టిన.
అనుకున్నంత బరువు లేదు,
లేకపోతే నలుగురం ఉన్నందుకేమో.

ఇంటికొచ్చి చూస్తే తాళంచెవి తడిసింది.
సొరుగుల వేస్తే బాబిన్లు తుప్పు పడ్తయని
తెల్లదారానికి కట్టి
కిటికీల ఆరేసిన.