జానెడు అబద్ధం

హార్లింగెన్ రేవుకు ఆవల, ఆటుకి నీళ్ళు దిగిపోయిన సముద్రంలో
చిట్స్కే పడవ ఒక పక్కకి ఒరిగి కూర్చుంది,
పాలివ్వనని మొండికేసిన ఆవులా.
ఆరు గంటలు.
ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది.
దారి గుర్తుకి నాటిన విల్లో కొమ్మలు రెండువైపులా కనిపిస్తూనే ఉన్నాయట.
ఇసుక మీదికి దిగి పడవ చుట్టూ నడిచిందట,
మోకాలు తడవకుండా.
"ఇంకా జానెడు నీళ్ళున్నాయని చూపిస్తూనే ఉంది,
చూపిస్తూ చూపిస్తూనే దిగబడ్డాను."

మర్నాడు నేను వెళ్ళాను.
లోతు చెప్పే సెన్సర్లు బిగించడం నా పని.
ఇరవై రెండేళ్ళుగా పడవల పొట్టల్లో పాకుతూ బతుకుతున్నాను.

ముందు వేళ్ళతో వెతకాలి, చీకట్లో.
దొరికింది: ఫైబర్ అడుగుకి లోపలివైపు
చిన్న గొట్టంలో, ఆముదంలో మునిగి,
తలంటుకి సిద్ధమైన పసివాడి మాడులా.
గాలి చొరబడితే శబ్దం చచ్చిపోతుంది, అందుకని ఆముదం.
ఒక్క బుడగ చాలు,
సముద్రానికి అడుగే లేకుండా పోతుంది.
బుడగ లేదు. నూనె తేటగా ఉంది.
చెవి ఆనించాను.
టిక్. టిక్. టిక్.
అడుగుతోంది. జవాబు వస్తోంది.
దాని తప్పేం లేదు.

అప్పుడు నా ఎర్రా తెల్లా గడ దింపాను.
గడ చెప్పింది ఒకటి, అద్దం మీది అంకె ఒకటి.
మధ్యన జానెడు.

సెన్సర్ ఉన్న చోటుకి కింద ఇంకా పడవ ఉంటుంది, అడుగుపలక.
ఆ తేడా ఎంతో దానికి తెలియదు,
మనమే చెప్పాలి, ఇంత తీసెయ్యమని.
యంత్రం కొలుస్తుంది. తీసివేత మాత్రం మనిషిది.
ఎవరో తక్కువ తీశారు.
సరిగ్గా ఇరవై సెంటీమీటర్లు. పొరపాటైతే ఇంత గుండ్రంగా ఉండదు.

పడవ అమ్మిన వొబ్బెకి ఫోన్ చేశాను.
డోక్కుమ్‌లో గడియారాలు బాగుచేసుకుంటున్నాడిప్పుడు.
కాసేపు దగ్గాడు.
"యెల్‌చె ఆ అంకెల్నే చూస్తూ కూచునేది.
మీటరు దిగితే చాలు, వెనక్కి తిప్పమనేది.
ఇసుకతిన్నె మీద సీల్ పిల్లలుంటే, వాటిని చూసేది కాదు.
అందుకని జానెడు కలిపాను.
పదకొండేళ్ళు నా బుర్రలో నేను తీసేసుకుంటూనే నడిపాను."

వెనకనుంచి ఆడగొంతు, పళ్ళేల చప్పుడుతో కలిసి:
"తెలియదనుకున్నావా?
రెండో వేసవికే గడ దింపి చూశాను.
నేనూ తీసేసుకునేదాన్ని."
"మరి చెప్పలేదేం?"
"అంత కష్టపడి కలిపావు గదా."

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
ఫోన్ పెట్టెయ్యడం మర్యాదో, పట్టుకుని ఉండడం మర్యాదో తేలక
స్క్రూడ్రైవర్ వేళ్ళ మధ్య తిప్పుతూ కూచున్నాను.

తెరచాపలిచ్చాడు, లంగరిచ్చాడు,
తాళ్ళిచ్చాడు చుట్టలు చుట్టి,
పాత పటాలు ఊరికే ఇచ్చాడు.
తీసివేత ఇవ్వడం మరిచిపోయాడు.

సరిచేశాను. రెండు మీటలు, ఒక నిమిషం.
అంకె జానెడు కిందికి దిగింది.
చిట్స్కే మొహమూ దిగింది.
"ఇంత తక్కువా ఇప్పుడు?"
"ఎప్పుడూ ఇంతే."

బిల్లు రాశాను.
లోపం ఏమిటి అన్న గడి దగ్గర
కలం ఆగింది. ఖాళీగా వదిలేశాను.
పోటు మొదలైంది. రేవు గోడ మీది నాచు
కింది వరస నుంచి మునుగుతోంది.

సైకిలెక్కి, వంతెన దాటి, రొట్టెల దుకాణం దాకా వచ్చాక గుర్తొచ్చింది,
గడ ఆమె పడవలోనే వదిలేశానని.
ఒక కాలు నేల మీద ఆనించి ఆలోచించాను.
వెనక్కి వెళ్ళలేదు.