గడ్డకట్టని రాత్రి

మనకి జూన్ అంటే తొలకరి.
ఒరూరో దాటాక, పదమూడు వేల అడుగుల ఎత్తున,
సెనోబియా కోండోరికి జూన్ అంటే చలి.
సాయంత్రానికల్లా ఎండుగడ్డి మీద
ఆలుగడ్డలు పరిచింది
ఒకదాన్నొకటి తాకకుండా,
ఒక్క దుప్పటి కింద ఆరుగురు పిల్లల్ని సర్దిన చేత్తో.

ఇక్కడ గడ్డ గడ్డకట్టాలి.
మూడు రాత్రులు చలి కొరకాలి, పగలు ఎండ నాకాలి.
ఆపైన వట్టి కాళ్లతో తొక్కితే
లోపలి నీరంతా కారిపోయి
గులకరాయంత మిగులుతుంది, నల్లగా, తేలిగ్గా.
చూన్యో అంటారు దాన్ని.
పదేళ్లు పురుగు ముట్టదు.
ఆమె పెళ్లినాడు మూటగట్టిన చూన్యోని
మూడో కొడుకు పళ్లొచ్చాక నమిలాడు.

ఏ రైతైనా మంచుకి దడుస్తాడు.
ఈమె పిలుస్తుంది:
ఒకప్పుడు అప్పులవాడిలా
చెప్పకుండా వచ్చి గుమ్మంలో కూచునేవాడివి,
ఇప్పుడేమైంది నీకు?
మొన్న జనవరిలో, చేను పూతమీదున్నప్పుడు మాత్రం
ఎవరు రమ్మన్నారని వచ్చావు?

గిన్నెలో నీళ్లు పోసి వాకిట్లో పెట్టింది.
తెల్లారి వేలు ముంచింది.
వేలు తడిసింది.

రెండో రాత్రీ అంతే.
మూడో రాత్రి మబ్బు పట్టి
ఆకాశం ఉన్ని శాలువా కప్పుకుంది.
లామాలు హాయిగా పడుకున్నాయి.
ఆమె ఒక్కతే మెలకువగా ఉంది,
వెచ్చదనానికి ఒళ్లు మండి.

అయిదో రోజు వాసన మొదలైంది.

అత్తగారి చేను వాగు పక్కన ఉండేది.
చిమ్మెట కింది నుంచి పైకొచ్చింది, చేనూ పైకెక్కింది.
మొగుడు ఇంకో వంద అడుగులు ఎక్కించాడు.
ఇప్పుడు చేనుకి పైన బండ, బండకి పైన మబ్బు.
ఇంకెక్కడికి ఎక్కుతుంది దుంప?

పట్నం నుంచి వచ్చిన కుర్రాడు
కాగితం తీసి అడిగాడు, నష్టమెంత అని.
"మూడు రాత్రులు" అంది.
అతను గళ్లన్నీ వెతికాడు.
బస్తాలున్నాయి, ఎకరాలున్నాయి,
రాత్రులు రాసే గడి లేదు.
పాపం, చెవి వెనక పెన్ను పెట్టుకుని
ఆమె పోసిన సూపు తాగి వెళ్లాడు.
అది ఏడేళ్ల నాటి చూన్యో.
కుండలో అడుగు కనిపిస్తోందని
అతనితో అనలేదు.

"ఐస్‌క్రీం కొట్టులో పెద్ద ఫ్రిజ్ ఉంది కదా అవ్వా,
అందులో పెడదాం" అంది మనవరాలు వారా.
సెనోబియా నవ్వింది, చాన్నాళ్లకి.
ఎన్ని పడతాయే అందులో,
ఒక్క పూట ఆకలి కూడా పట్టదు.

కుళ్లినవి ఏరి పారబోసి
మిగిలినవి మళ్లీ పరిచింది, ఈసారి ఎడమెడంగా.
గిన్నె కడిగి నింపింది.

తెల్లవారుజామున అవ్వ కంటే ముందు లేచి
వారా వేలు ముంచింది.
కాసేపు అలాగే ఉంచింది.
గుమ్మంలో నిలబడ్డ మొహం చూసి
"నిన్నటి కంటే కొంచెం
చల్లగానే ఉందవ్వా" అంది.